డైలమా, క్వాండరీ, క్యాచ్-22: ఏది ఎక్కడ?

ఇంగ్లిష్ వాడుక మీద వచ్చిన ఉత్తరాల్లో ఈసారి చాలావరకు ఎటూ తేల్చుకోలేని పరిస్థితిని చెప్పే మాటల గురించే ఉన్నాయి. అందుకే ఈ సంచిక జవాబులన్నీ వాటికే.

ప్రశ్న: పాత కంపెనీలో 90 రోజుల నోటీసు పీరియడ్. కొత్త కంపెనీవాళ్లు 30 రోజుల్లో చేరమంటున్నారు. మా హెచ్ఆర్‌కి ‘ఐ యామ్ ఇన్ డైలమా, ప్లీజ్ సజెస్ట్’ అని మెయిల్ పెట్టాను. చూసిన స్నేహితుడు ఇంగ్లిష్ తప్పన్నాడు. ఎక్కడ తప్పు?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మాదాపూర్

జవాబు: వ్యాకరణం తప్పు ఒకటుంది, అది చిన్నది. అసలు లోపం వేరే ఉంది.

ముందు చిన్నది చూద్దాం. డైలమా అనేది లెక్కపెట్టదగ్గ నామవాచకం. ఏకవచనంలో అది ఒంటరిగా నిలబడదు. ముందు ‘ఎ’, ‘ది’, ‘దిస్’, ‘మై’ లాంటిదేదో ఒకటి ఉండాలి. కాబట్టి ‘ఐ యామ్ ఇన్ ఎ డైలమా’. తెలుగులో ‘డైలమాలో ఉన్నాను’ అంటే సరిపోతుంది, మనకు ఆర్టికల్ గొడవ లేదు. పైగా ఇంగ్లిష్‌లోనే ‘ఇన్ ట్రబుల్’, ‘ఇన్ డౌట్’ లాంటివి ఆర్టికల్ లేకుండా నడుస్తాయి. ఆ అలవాటు దీనికీ అంటుకుంటుంది.

క్రియల దగ్గరా జాగ్రత్త కావాలి. మనం డైలమాలో ‘పడతాం’ కదా అని ‘ఐ ఫెల్ ఇన్ డైలమా’ అని రాసేస్తుంటారు. మనిషి కర్త అయితే ‘ఫేస్ ఎ డైలమా’, ‘బి ఇన్ ఎ డైలమా’, ‘బి కాట్ ఇన్ ఎ డైలమా’ అనాలి. పరిస్థితి కర్త అయితే ‘పోజ్’ లేదా ‘ప్రెజెంట్’ వాడాలి. అందులోంచి బయటపడటానికి ‘రిజాల్వ్’ బాగా నప్పుతుంది. ‘సాల్వ్’ అన్నా అర్థమవుతుంది కానీ, లెక్కకు ఆన్సర్ వచ్చేసినట్టు ధ్వనిస్తుంది. ‘ఐ యామ్ డైలమాటిక్’ అని మాత్రం ఎక్కడా రాయకండి. ఆ విశేషణం నిఘంటువుల్లో ఉంది, కాకపోతే అది తర్కంలో వాదనకు తగిలించేది, మనిషికి కాదు. దేని గురించో చెప్పాలంటే ‘ఓవర్’ లేదా ‘అబౌట్’ పెట్టి విషయం రాయండి. చేయాలా వద్దా అన్న సందేహమైతే ‘అబౌట్ వెదర్ టు’ అని కొనసాగించండి.

ఇక అసలు లోపం. మీ మెయిల్ చదివిన హెచ్ఆర్‌కి మీరు ఇబ్బందిలో ఉన్నారని తెలుస్తుంది తప్ప, ఎటు వెళితే ఏం పోతుందో తెలియదు. డైలమా అన్నాక రెండు వైపులూ కనబడాలి. ‘ప్లీజ్ సజెస్ట్’ కూడా మన ఆఫీసుల అలవాటే. ఏం సూచించాలో చెప్పకుండా సూచించమంటే ఎవరైనా ‘ప్లీజ్ ఫాలో పాలసీ’ అని రెండు ముక్కల్లో పంపించేస్తారు. ఇలా మార్చి చూడండి:

‘మై నోటీస్ పీరియడ్ ఈజ్ నైంటీ డేస్, బట్ మై న్యూ ఎంప్లాయర్ వాంట్స్ మి టు జాయిన్ ఇన్ థర్టీ. ఇఫ్ ఐ సర్వ్ ది ఫుల్ పీరియడ్, ఐ మే లూజ్ ది ఆఫర్. ఇఫ్ ఐ లీవ్ ఎర్లీ, మై రిలీవింగ్ లెటర్ మే బి హెల్డ్ బ్యాక్. కుడ్ ఐ బై అవుట్ పార్ట్ ఆఫ్ ది నోటీస్ పీరియడ్?’

ఇందులో డైలమా అన్న మాటే లేదు, ఆ అవసరమూ రాలేదు. రెండు ‘ఇఫ్’లు పక్కపక్కన పెట్టేసరికి ఇరకాటం దానంతటదే తెలిసిపోతోంది. చివరి ప్రశ్నకు అవుననో కాదనో చెప్పక తప్పదు. ఆ మాట వాడాలనే ఉంటే సబ్జెక్టు లైన్లో కాకుండా మూడో వాక్యం తర్వాత ‘దిస్ ఈజ్ మై డైలమా’ అని పెట్టండి. అప్పుడు దానికి పని ఉంటుంది.

ప్రశ్న: డైలమా అంటే రెండే దారులుండాలని, రెండూ చెడ్డవే అయి ఉండాలని పిల్లలకు చెబుతున్నాను. కానీ పేపర్లలో ‘టీయా, కాఫీయా’ అన్నదానికి కూడా డైలమా అంటున్నారు. నేను చెబుతున్నది పాతబడిపోయిందా?
— ఇంగ్లిష్ ఉపాధ్యాయురాలు, రాజమహేంద్రవరం

జవాబు: పాతబడలేదు. అయితే అది ఒక్కటే సరైనదని పట్టుబడితే పిల్లలు రేపు ఏ నిఘంటువు తీసినా మీ మాటకు ఎదురు కనిపిస్తుంది.

ఇది గ్రీకు మాట. ‘డి’ అంటే రెండు, ‘లెమా’ అంటే వాదనలో ముందుగా ఒప్పుకున్న ప్రతిపాదన. ఇంగ్లిష్‌లోకి 16వ శతాబ్దంలో తర్కం, వక్తృత్వ పాఠాల్లోంచి వచ్చింది. అప్పట్లో అది పరిస్థితి పేరు కాదు, వాదనలో వేసే ఒక ఎత్తు పేరు: ఎదుటివాడి ముందు రెండు ప్రతిపాదనలు పెట్టి, ఏది ఒప్పుకున్నా ఓడిపోయేలా బిగించడం. లాటిన్ పండితులు దీన్ని ‘కొమ్ముల వాదన’ అనేవారు. ‘ఆన్ ది హార్న్స్ ఆఫ్ ఎ డైలమా’ అన్న పలుకుబడి అక్కడిదే. అందుకే అందులో ‘ఆన్’ వస్తుంది, ‘ఇన్’ కాదు. కొమ్ముల మీద చిక్కుకుంటాం గానీ కొమ్ముల్లో ఉండం.

తరగతిలో చెప్పడానికి గ్రీకు తత్త్వవేత్త ప్రొటాగరస్ కథ బాగా పనికొస్తుంది. రోమన్ రచయిత ఆలస్ గెలియస్ రెండో శతాబ్దంలో రాసిపెట్టాడు. ప్రొటాగరస్ దగ్గర యువాథ్లస్ వాదనా విద్య నేర్చుకున్నాడు. సగం ఫీజు ముందే కట్టాడు, మిగతా సగం మొదటి కేసు గెలిచాక ఇస్తానన్నాడు. నేర్చుకున్నాక ఒక్క కేసూ పట్టలేదు. గురువు దావా వేశాడు. ఆయన వాదన: ‘నేను గెలిస్తే తీర్పు ప్రకారం ఫీజు కట్టాలి. నేను ఓడితే నువ్వు మొదటి కేసు గెలిచినట్టే, ఒప్పందం ప్రకారం కట్టాలి.’ శిష్యుడు దాన్నే తిరగేశాడు: ‘నేను గెలిస్తే తీర్పు ప్రకారం కట్టనక్కర్లేదు. ఓడితే ఇంకా మొదటి కేసు గెలవలేదు కాబట్టి ఒప్పందం ప్రకారం కట్టనక్కర్లేదు.’ తర్కంలో డైలమాకు డైలమాతోనే జవాబు చెప్పడం అంటే ఇదే. ఇంకో రెండు మార్గాలున్నాయి. ఒక కొమ్ము పట్టుకుని, ‘అలా జరిగితే నష్టమని ఎవరన్నారు?’ అని నిలదీయడం. లేదా రెండు కొమ్ముల నడుమ నుంచి తప్పుకోవడం, అంటే మూడో దారి ఉందని చూపడం.

ఇప్పటి వాడుకకు వద్దాం. రెండుకు మించి దారులున్నా, అంత చేదుగా లేకపోయినా డైలమా అనడం ఇంగ్లిష్‌లో స్థిరపడిపోయింది. మూడుంటే ‘ట్రైలమా’ అనే మాట ఉంది గానీ అర్థశాస్త్రం, తర్కం దాటి పెద్దగా వినపడదు. పిల్లలకు ఒక కొలత ఇవ్వండి: ఏ దారి ఎంచుకున్నా వదులుకోవాల్సింది ఏదో చెప్పగలరా? చెప్పగలిగితే డైలమా రాయొచ్చు. కాలేజీ ప్లేస్‌మెంట్‌లో వచ్చిన ఉద్యోగానికి రెండేళ్ల బాండ్ రాయాలి, అదే నెలలో విదేశీ యూనివర్సిటీ సీటు ఖాయమైంది. ఇది డైలమా. టీయా కాఫీయా అన్నది ‘చాయిస్’ మాత్రమే. హాస్యానికి రాస్తే అది వేరే సంగతి.

ప్రశ్న: బ్యాంకు పరీక్షలకు తయారవుతున్నాను. క్వాండరీ, డైలమా, ప్రెడికమెంట్, కనండ్రమ్ నాలుగూ ఒకే వరుసలో పర్యాయపదాలుగా ఇచ్చారు. నిజంగా ఒకటేనా?
— డిగ్రీ పూర్తయిన విద్యార్థి, హనుమకొండ

జవాబు: పరీక్షలో దగ్గరివాళ్లు, వాక్యంలో వేరువేరు మనుషులు. ఒకే సంఘటన మీద నాలుగూ పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది.

మదనపల్లె ప్రాంతంలో టమాటా రైతు అనుకోండి. మార్కెట్లో ధర పడిపోయింది. కోత కూలి, బండి కిరాయి కూడా తిరిగి వచ్చేలా లేవు.

అతనున్న ఆ గడ్డు స్థితి ప్రెడికమెంట్. ఇందులో ఎంపిక సంగతి లేదు. ఇరుక్కున్నాడు, అంతే. ‘ది ఫార్మర్స్ ప్రెడికమెంట్’ అంటే చదివేవాళ్లు ఆ ఇబ్బందినే చూస్తారు.

కోస్తే చేతి డబ్బు పోతుంది. కోయకపోతే కాయ చెట్టు మీదే కుళ్లిపోతుంది, పెట్టిన పెట్టుబడంతా పోయినట్టే. ఈ రెండు నష్టాలను పక్కపక్కన నిలబెట్టినప్పుడు డైలమా.

తెల్లారితే కూలీలకు కబురు పెట్టాలి, పెట్టాలో వద్దో తేలడం లేదు. ఆ ఊగిసలాట క్వాండరీ. ఇది పరిస్థితి కన్నా మనిషి మనసుకు దగ్గరగా ఉంటుంది. అందుకే చాలావరకు ‘ఇన్ ఎ క్వాండరీ’ అనే వస్తుంది: ‘హి ఈజ్ ఇన్ ఎ క్వాండరీ ఓవర్ వెదర్ టు హార్వెస్ట్’. క్వాండరీలో దారులు రెండే అని గానీ, రెండూ చెడ్డవని గానీ లేదు. ఏం చేయాలో పాలుపోకపోతే చాలు. ఈ మాట 16వ శతాబ్దం చివర నుంచి ఇంగ్లిష్‌లో ఉంది, పుట్టుక మాత్రం తేలలేదు.

రైతు దగ్గర ధర నేలకు తాకినా నగరంలో చిల్లర ధర ఆ మేరకు ఎందుకు దిగడం లేదు? ఈ చిక్కుముడి కనండ్రమ్. అంటే పొడుపుకథ లాంటి ప్రశ్న. దాని గురించి అధికారులు, ఆర్థికవేత్తలు తలలు పట్టుకుంటారు. రైతు కష్టాన్ని కనండ్రమ్ అంటే అతని బాధను పజిల్ చేసినట్టుంటుంది. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. కనండ్రమ్ బరువైన మాటలా వినిపిస్తుంది కదా అని ఎక్కడ పడితే అక్కడ దించుతారు.

పరీక్ష హాల్లో క్వాండరీకి పర్యాయపదం అడిగి, ఆప్షన్లలో డైలమా, ప్రెడికమెంట్ రెండూ ఉంటే డైలమా వైపు మొగ్గండి. రెండింటిలోనూ తేల్చుకోలేకపోవడం ఉంది, ప్రెడికమెంట్‌లో అది లేదు. వ్యతిరేకపదమైతే ‘సర్టెంటీ’ లాంటిది చూసుకోండి. ఖాళీ నింపే ప్రశ్నలో ఖాళీ తర్వాత ‘ఓవర్ వెదర్ టు’ వస్తే ప్రెడికమెంట్, కనండ్రమ్‌లను దాదాపు పక్కన పెట్టేయొచ్చు. ‘ఇన్ ఎ ఫిక్స్’, ‘ఇన్ ఎ జామ్’, ‘ఇన్ ఎ పికిల్’ అన్నవి మాటల్లో బాగుంటాయి, వ్యాసంలో వద్దు. మన పచ్చడికి చివరిదానితో ఏ సంబంధమూ లేదు.

ప్రశ్న: ఇక్కడ ఆఫీసులో ఒక కష్టమైన ప్రాజెక్టును ‘క్యాచ్-22’ అన్నాను. సహోద్యోగి ‘నాట్ రియల్లీ’ అన్నాడు. అలాగే ‘హాబ్సన్స్ చాయిస్’ అంటే రెండు చెడ్డవాటిలో ఒకటి ఎంచుకోవడమేనా?
— పాఠకుడు, డల్లాస్

జవాబు: సహోద్యోగి అన్నది నిజం. ఎంత కష్టమైనదైనా సరే, అదొక్కటే చాలదు. బయటపడటానికి కావలసిన షరతే బయటపడనివ్వకుండా అడ్డుపడాలి. ఈ మాట జోసెఫ్ హెల్లర్ 1961 నవల పేరు నుంచి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ బాంబర్ విమాన సిబ్బందికి అందులో ఒక నిబంధన ఉంటుంది: మతి తప్పినవాణ్ని విమానం ఎక్కించరు, కాకపోతే ఆ సంగతి అతనే అడగాలి. ప్రాణభయంతో అడిగాడంటే మతి ఉన్నట్టే, కాబట్టి ఎక్కాల్సిందే.

అమెరికా వచ్చిన కొత్తలో మనవాళ్లకు ఎదురయ్యేది దీనికి సరిపోయే ఉదాహరణ: క్రెడిట్ హిస్టరీ లేనిదే కార్డు ఇవ్వరు, కార్డు లేనిదే క్రెడిట్ హిస్టరీ రాదు. నిక్కచ్చిగా చూస్తే, డిపాజిట్ కట్టి సెక్యూర్డ్ కార్డు తీసుకునే దారి ఉంది కాబట్టి వలయం పూర్తిగా మూసుకుపోలేదు. అయినా వాడుకలో దీన్ని క్యాచ్-22 అనడానికి ఎవరూ అభ్యంతరపెట్టరు. మీ ప్రాజెక్టుకు వలయం ఉందో లేదో ఇలా చూసుకోండి: ‘ఎ కావాలంటే బి కావాలి, బి కావాలంటే ఎ కావాలి’ అని రాయగలరా? క్లయింట్ అనుమతి ఇస్తేనే టెస్ట్ డేటా, టెస్ట్ ఫలితాలు చూపిస్తేనే అనుమతి. ఇలా ఉంటే క్యాచ్-22. గడువు తక్కువ, మనుషులు తక్కువ అయితే అది కేవలం ‘టఫ్’. రాసేటప్పుడు మొదటి అక్షరం పెద్దది, మధ్యలో హైఫన్, అంకెలు 22.

హాబ్సన్ సంగతి వేరు. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో థామస్ హాబ్సన్ అనే బండివాడు ఉండేవాడు. 1631లో చనిపోయాడు. గుర్రాలు అద్దెకిచ్చేవాడు. అందరూ మంచి గుర్రాలే కోరితే అవి అలిసిపోతాయి. అందుకని వరుస పెట్టాడు: తలుపు దగ్గరున్న గుర్రం తీసుకో, లేదా వెళ్లిపో. కాబట్టి హాబ్సన్స్ చాయిస్ అంటే రెండు చెడ్డవాటిలో ఒకటి కాదు. చూపించేది ఒక్కటే, ఇష్టమైతే తీసుకో. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ చివరి విడతలో మీ ర్యాంకుకు ఒకే కాలేజీలో ఒకే బ్రాంచి మిగిలిందనుకోండి, అది హాబ్సన్స్ చాయిస్. రెండు కాలేజీలు మిగిలి రెండింటిలోనూ ఏదో లోటుంటే డైలమా.

ప్రశ్న: అనువాదంలో డైలమాను ‘సందిగ్ధం’ అని రాస్తే చాలా? మా డెస్కులో ‘డైలమా’ అనే ఉంచేస్తున్నారు.
— సబ్ ఎడిటర్, కర్నూలు

జవాబు: అన్ని చోట్లా చాలదు. సందిగ్ధంలో సందేహం ఉంది, నష్టం లేదు. క్వాండరీకి అది బాగా సరిపోతుంది. ఏ పక్కకు వెళ్లినా ఒక ధర్మం తప్పాల్సి వస్తే, ఉదాహరణకు ఒక్క ఐసీయూ పడకకు ఇద్దరు రోగులుంటే, మన దగ్గర ‘ధర్మసంకటం’ అని అంతకన్నా పదునైన మాట ఉంది. ‘మోరల్ డైలమా’ను ‘నైతిక సందిగ్ధత’ అని రాయడం ఎందుకో అర్థం కాదు. ఒకరు కావాలని ఇరికిస్తే ‘ఇరకాటం’. రెండు వైపులా ముప్పుంటే ‘ముందు నుయ్యి, వెనుక గొయ్యి’. ఇద్దరిలో ఎవరికి సర్దిచెప్పినా రెండోవాళ్లకు కోపం వచ్చే రాజకీయ వార్తకు ‘కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం’. వ్యాసస్థాయి కావాలంటే సంస్కృతంలోని ‘ఉభయతః పాశా రజ్జుః’ ఉండనే ఉంది. రెండు కొసలా ఉచ్చు ఉన్న తాడు అని అర్థం. లాటిన్ పండితుల రెండు కొమ్ములకు ఇది ఏమాత్రం తీసిపోదు.

‘మంత్రివర్గ విస్తరణపై డైలమా’ లాంటి శీర్షికల్లో ఆ మాట తెలుగే అయిపోయింది, ఉంచుకోవచ్చు. కాకపోతే ఆ వార్తను ఇంగ్లిష్ పేజీకి ఇచ్చేటప్పుడు అలాగే దించకండి. అక్కడ చాలాసార్లు ఉన్నది తాత్సారం మాత్రమే. ‘అన్‌డిసైడెడ్’ అంటే సరిపోతుంది.

‘ప్రిజనర్స్ డైలమా’కు మాత్రం ‘ఖైదీల సందిగ్ధం’ పొరపాటే. 1950లో గణితవేత్తలు మెరిల్ ఫ్లడ్, మెల్విన్ డ్రెషర్ రూపొందించిన ఈ ఆటకు మరో గణితవేత్త ఆల్బర్ట్ టకర్ ఆ పేరు పెట్టాడు. అందులో ఇద్దరు ఖైదీలను విడివిడిగా విచారిస్తారు. రెండోవాడు నోరు విప్పినా విప్పకపోయినా, ఒప్పేసుకుంటేనే ఒక్కొక్కరికి శిక్ష తగ్గుతుంది. ఎవరికి వారికి ఏం చేయాలో స్పష్టమే, అక్కడ సందేహానికి తావు లేదు. అయినా ఇద్దరూ ఒప్పుకుంటే, ఇద్దరూ మౌనంగా ఉన్నప్పటికన్నా ఎక్కువ శిక్ష పడుతుంది. కాబట్టి ‘ఖైదీల డైలమా’ అనే ఉంచడం మేలు.

ప్రశ్న: డైలమా స్పెల్లింగ్‌లో ఎమ్ పక్కన ఎన్ ఉంటుందని స్కూల్లో నేర్చుకున్నాను. మొబైల్ ఎర్ర గీత పెడుతోంది. ఉచ్చారణ ‘డి’నా, ‘డై’నా?
— ఇంటర్ విద్యార్థిని, గుడివాడ

జవాబు: మొబైల్‌దే రైటు. డి-ఐ-ఎల్-ఇ-ఎమ్-ఎమ్-ఎ. ఎమ్ రెండుసార్లు, ఎన్ లేనే లేదు. ఎన్‌తో నేర్చుకున్నవాళ్లు ఇంగ్లండ్, అమెరికాల్లోనూ బోలెడుమంది ఉన్నారు. ‘డి’, ‘డై’ రెండూ చెల్లుతాయి. ఊనిక మాత్రం రెండో భాగం మీద పడాలి, అక్కడ ‘ల’ కాదు ‘లె’: డై-లె-మ. చివర దీర్ఘం తీయకండి. క్వాండరీని క్యు-యు-ఎ-ఎన్-డి-ఎ-ఆర్-వై అని రాయాలి. పలికేటప్పుడు మధ్య అచ్చు దాదాపు మింగేసి ‘క్వాన్‌డ్రి’ అంటారు కాబట్టి రాతలోనూ ఆ ‘ఎ’ ఎగిరిపోతుంటుంది. ఊనిక మొదటి భాగం మీద. బహువచనంలో వై పోయి ఐ-ఇ-ఎస్ వస్తుంది. ప్రెడికమెంట్, కనండ్రమ్‌లకు ఊనిక రెండో భాగం మీద: ప్రి-డిక్-, క-నన్-.